విరగ్గొడితేనే నమ్మకం

జిగురు కలిపిన ప్రతిసారీ అక్కరలేని చెక్కముక్కలు రెండు కూడా అతికించి పక్కన పెడతాను. అవి విమానంలోకి వెళ్లవు. మర్నాడు ఆ అతుకును వైస్‌లో బిగించి సుత్తితో ఒక్కటి వేస్తాను. విరిగాక చూడాల్సింది ఎక్కడ విరిగిందన్నదే. చెక్కే చీలి, జిగురుకు రెండు పక్కలా పీచు అంటుకుని ఉంటే నిన్నటి పని పనికొచ్చినట్టు. జిగురు గీత వెంట నున్నగా ఊడి వచ్చిందంటే మాత్రం, ఆ గిన్నెలోంచి తీసి అతికించినదంతా చెత్తబుట్ట పాలు. విరిగిన ముక్క మీద తేదీ రాసి, ఫొటో తీసి, లాగ్‌బుక్‌లో అతికిస్తాను.

ఎయిర్ క్యాంపర్ అనే పాతకాలపు విమానాన్ని మిన్నెసోటాలోని రోచెస్టర్‌లో, మా ఇంటి బేస్‌మెంట్‌లోనూ గరాజ్‌లోనూ కట్టాను. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి వడ్రంగం. కొన్న విమానమైతే చేసేవాడొకడు, తనిఖీ చేసేవాడొకడు, నడిపేవాడొకడు. ఇంట్లో కట్టినదానికి ఆ ముగ్గురూ మనమే. చిక్కేమిటంటే, మొదటివాణ్ణి మిగతా ఇద్దరూ ఎప్పుడూ నమ్మకూడదు. రాత్రి పదకొండుకి అలసిపోయి "పర్లేదులే, సరిపోతుంది" అనేది వాడే. మనూళ్లో పనులన్నీ నడిపించే ఆ "పర్లేదులే"ని గుమ్మం బయట వదిలి రావడమే ఈ విద్యలో సగం.

ఈ విమానం పుట్టిన ఊరు చెర్రీ గ్రోవ్ మా ఇంటి నుంచి కారులో గంట దూరం కూడా లేదు. చుట్టూ మొక్కజొన్న, సోయా చేలు. 1901లో పుట్టిన బెర్నార్డ్ పీటెన్‌పోల్ అక్కడే బతికాడు, అక్కడే మెకానిక్ పని చేశాడు. ఇంజనీరింగ్ చదవలేదు. విమానం ఇంజన్ కొనే స్తోమత పల్లెటూరి కుర్రాడికి ఉండదు కాబట్టి కారు ఇంజన్‌తో ఎగరాలన్నది ఆయన పట్టు. ఒకటి రెండు ఇంజన్లు మార్చి చూశాక, 1929లో ఫోర్డ్ మోడల్ ఎ ఇంజన్ పెట్టి ఎగిరాడు. 3.3 లీటర్ల ఆ ఇంజన్ ఇచ్చేది 40 హార్స్‌పవర్. మన మారుతి 800 ఇంచుమించు అంతే శక్తిని పావు వంతు సైజు ఇంజన్‌లోంచి తీసింది. కానీ ఫోర్డ్‌కు ఒక సుగుణం ఉంది: నిమిషానికి రెండు వేల చుట్లలోపే ఆ శక్తిలో చాలా భాగం ఇచ్చేస్తుంది. ప్రొపెల్లర్‌కు కావలసింది అదే. పెద్ద పంకా నెమ్మదిగా తిరిగితేనే గాలిని బాగా పట్టుకుంటుంది. మధ్యలో గేర్ల పెట్టె అక్కరలేదు.

ఆయన చేసిన చమత్కారం ఇంకోటి ఉంది. ఇంజన్‌ను వెనక్కి తిప్పి బిగించాడు. కారులో గేర్‌బాక్స్ ఉండే కొస ఇక్కడ ముక్కు వైపు వచ్చి, ఫ్లైవీల్ ఉండాల్సిన చోట ప్రొపెల్లర్ కూర్చుంటుంది. దాంతో రేడియేటర్ ఇంజన్‌కు వెనక, సరిగ్గా ముందు సీటు వాడి ముఖానికి ఎదురుగా నిలబడుతుంది. ఈ విమానం ఫొటో చూసినవాళ్లెవరైనా మొదట అడిగేది దాని గురించే: "ఆ పెట్టె అడ్డంగా ఉంటే ముందేం కనిపిస్తుందండీ?" ఏమీ కనిపించదు. పక్కలకు తొంగి చూడాలి.

ఆ రోజుల్లో మినియాపొలిస్ దగ్గర నుంచి మోడర్న్ మెకానిక్స్ అనే పత్రిక వచ్చేది. కారు ఇంజన్లతో విమానాలు ఎగరవని దాని ఎడిటర్ వెస్టన్ ఫార్మర్ అభిప్రాయం. పీటెన్‌పోల్ వాదన పెట్టుకోలేదు. 1930లో రెండు ఎయిర్ క్యాంపర్లు ఎగురుకుంటూ వెళ్లి ఫార్మర్ ముందే దిగాయి. ఆ ఫార్మరే తర్వాత దీని ప్లాన్లు అచ్చువేశాడు. 1932 ఫ్లయింగ్ అండ్ గ్లైడర్ మాన్యువల్‌లో అవి దేశమంతా తిరిగాయి. తర్వాత ఆర్రిన్ హూప్‌మన్ గీసిన డ్రాయింగులు ఇప్పటికీ దొరుకుతాయి. వాటిలో కంప్యూటర్ గీత ఒక్కటి లేదు. రెక్క కోత ఆకారం కూడా పీటెన్‌పోల్ సొంతంగా గీసుకున్నదే. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకది మొదట్లో గిట్టలేదు. తొంభై ఏళ్లుగా ఎగురుతున్న గీతతో ఎంతకాలమని పేచీ పడతాం!

మా బావమరిది విజయవాడ నుంచి ఫోన్ చేసి, "ఏం కర్ర బావా, కొండపల్లి పొణికా?" అన్నాడు. వాడు వేళాకోళానికే అన్నా ప్రశ్న మంచిదే. పొణికి తేలికే, బొమ్మకు బంగారం. బరువు మోయమంటే మాత్రం చేతులెత్తేస్తుంది. మాకు కావలసింది సిట్కా స్ప్రూస్. అలాస్కా నుంచి కాలిఫోర్నియా దాకా పసిఫిక్ తీరం వెంట పెరిగే చెట్టు. తూకానికి తగ్గ బలం అన్న లెక్కలో దాన్ని కొట్టే కర్ర తక్కువ. అయితే పేరు చూసి కొనకూడదు, పలక కొస చూసి కొనాలి. అంగుళానికి కనీసం ఆరు వలయాలుండాలి. పీచు వాలు 15 అంగుళాల పొడవుకు ఒక అంగుళం మించకూడదు. పలకను కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి, సిరా చుక్క వేస్తే అది పీచు వెంట పాకుతుంది. వాలు ఎటుందో అదే చెబుతుంది. పలకలు కొన్న రోజు మా ఆవిడ చూసి, "ఏమండీ, ఇల్లు కొనేవాళ్లు కూడా ఇంతకంటే తక్కువే చూస్తారేమో కదా" అంది.

రెక్కకు ఆకారమిచ్చే చట్రాలు, అంటే రిబ్బులు, ముప్పై దాకా ఉంటాయి. ఒక్కొక్కటి ముక్కు నుంచి వెనక కొస దాకా 5 అడుగులు. అర అంగుళం వెడల్పు, పావు అంగుళం మందం పుల్లలతో అల్లిక. బల్ల మీద పూర్తి సైజు బొమ్మ అంటించి, గీత వెంట దిమ్మలు బిగిస్తే అచ్చు సిద్ధం. పుల్లను వేడినీళ్లలో నానబెట్టి ముక్కు దగ్గర వంచాలి. కలిసిన ప్రతి చోటా పల్చటి ప్లైవుడ్ ముక్క రెండు వైపులా పడాలి. పీటెన్‌పోల్ కాలంలో పాలలోంచి తీసిన కేసీన్ జిగురు వాడేవారు. తేమ తగిలితే దానికి బూజు పట్టేది. ఇప్పుడు ఎపాక్సీ. మామూలు వడ్రంగంలో క్లాంపు ఎంత బిగిస్తే అంత మంచిదని చేతికి అలవాటుంటుంది. ఎపాక్సీ దగ్గర ఆ అలవాటు మానుకోవాలి. మరీ నొక్కితే జిగురంతా బయటికి కారిపోతుంది, లోపల ఏమీ మిగలదు. పైకి మాత్రం అతుకు దివ్యంగా కనిపిస్తుంది. నేను ముక్కలు విరగ్గొట్టేది అందుకే. కంటికి బాగున్నదాన్ని నమ్మడం కంటే ప్రమాదం ఈ పనిలో ఇంకోటి లేదు.

రెక్క మీద బట్ట కప్పేది ఇంటి ఇస్త్రీ పెట్టెతోనే. పాలియెస్టర్ గుడ్డను జిగురుతో చుట్టూ అంటించి, మొదట 250 ఫారెన్‌హీట్ డిగ్రీల దగ్గర, ఆఖరున 350 దగ్గర ఇస్త్రీ చేస్తే అది ముడుచుకుని బిగుస్తుంది. ఇస్త్రీ పెట్టె మీద అంకెలను నమ్మకూడదు, థర్మామీటర్ పెట్టి చూసుకోవాలి. ఆ తర్వాత మూరెడు సూదితో, మైనం పూసిన దారంతో గుడ్డను ప్రతి రిబ్బుకూ కుట్టాలి. రెక్కకు అటొకరు, ఇటొకరు నిలబడి సూది అందించుకునే పని అది. మా ఆవిడ, నేను పెళ్లయ్యాక అంతసేపు ఎదురెదురుగా ఉన్నది ఆ వారమే. మధ్యలో గుడ్డ కాబట్టి ముఖాలు కనిపించలేదు, మాటలు మాత్రం బాగా సాగాయి.

ఇలా ఇంట్లో విమానం కట్టుకోవడం అమెరికాలో మొదటి నుంచీ సులువేం కాదు. 1930లలో చాలా రాష్ట్రాలు దీన్ని అడ్డుకున్నాయి. ఓరెగన్‌కు చెందిన జార్జ్ బొగార్డస్ 1947లో లిటిల్ జీ బీ అనే ఇంటి విమానంలో దేశం అడ్డంగా ఎగిరి వాషింగ్టన్ వెళ్లి, అధికారులకు దాన్నే చూపించి వాదించాడు. తర్వాతే ఇలాంటి వాటికి ఒక చట్టబద్ధమైన వర్గం ఏర్పడింది. 1953లో విస్కాన్సిన్‌లో పాల్ పొబెరెజ్నీ ఇంట్లో విమానాలు కట్టుకునేవాళ్ల కోసం మొదలుపెట్టిన ఈఏఏ సంఘం ఏటా జులైలో ఆష్‌కోష్‌లో జరిపే జాతర సంగతి చాలామందికి తెలుసు. ఎయిర్ క్యాంపర్ వాళ్లు దానికి ముందు వారాంతం అదే రాష్ట్రంలోని బ్రాడ్‌హెడ్‌లో గడ్డి రన్‌వే మీద చేరతారు. నాకదే ఇష్టం. మన దగ్గరా పట్టుబట్టినవాళ్లున్నారు. ముంబైలో ఇంటి డాబా మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ ఏళ్లు తిరిగి 2017లో రిజిస్ట్రేషన్ సాధించాడు.

ఇక్కడి నిబంధన ప్రకారం పనిలో సగానికి మించి కట్టేవాడే చెయ్యాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో అయి ఉండాలి. ఆ నేర్చుకోవడం ఉత్తమాట కాదు. అమెరికా రవాణా భద్రతా బోర్డు 2012లో ఒక అధ్యయనం వెలువరించింది. ప్రైవేటు విమానాల్లో ఇంట్లో కట్టినవి 10 శాతానికి అటూఇటూ. 2011లో జరిగిన ప్రాణాంతక ప్రమాదాల్లో వాటి వాటా 21 శాతం. ఇంజన్ ఆగిపోవడం, అదుపు తప్పడం ముఖ్య కారణాలు. చాలా ప్రమాదాలు విమానం ఎగరడం మొదలైన తొలి గంటల్లోనే జరిగాయి. అతుకులు విరగ్గొట్టి చూసుకునేవాడు ఈ అంకెలనూ చూడాలి.

అందుకే తొలిసారి నేను ఎగరలేదు. ఏళ్ల తరబడి గరాజ్‌లో గడిపినవాడికి చెక్క మీద చేయి తిరుగుతుంది, స్టిక్ మీద చేయి మొద్దుబారుతుంది. పైగా సొంత విమానం మీద ప్రేమ ఎక్కువ. ఇంజన్ ఆగితే దాన్ని కాపాడబోయి తాను పోయేవాళ్లున్నారు. తోక చక్రం విమానాల్లో జీవితం గడిపిన ఒక పెద్దాయన్ని అడిగాను. ఆయన ఎక్కే ముందు నా లాగ్‌బుక్ అడిగి తీసుకుని, అందులో బాగున్న ఫొటోలన్నీ తిప్పేసి విరిగిన ముక్కల పేజీల దగ్గర ఆగాడు. అక్కడ అరగంట కూర్చున్నాడు. తర్వాత ప్రొపెల్లర్ తిప్పమన్నాడు. స్టార్టర్ ఉండదు, తోక తాడుతో కట్టి, చక్రాలకు అడ్డుదిమ్మలు పెట్టి, చేత్తో తిప్పాలి.

ఇప్పుడు నేనే ఎగురుతున్నాను. పొలాల మీద వెయ్యి అడుగుల ఎత్తులో గంటకు 70 మైళ్లు. ఎదురుగాలి ఉంటే కింద ఐ-90 హైవే మీద కార్లు నన్ను దాటిపోతాయి. పైలట్ వెనక సీట్లో కూర్చుంటాడు, నెత్తి మీద రెక్క. రేడియేటర్ వేడి, నూనె వాసన, కోసిన గడ్డి వాసన ఒకదాని వెంట ఒకటి తగులుతాయి. చూపు నీటి వేడి ముల్లు మీదా, నూనె ప్రెషర్ మీదా మాటిమాటికీ పడుతుంది. హాయిగా ఉంటుందా అని అడిగితే, ఉంటుంది. కానీ సోమరి హాయి కాదు. కర్రలూ తీగలూ అన్నీ గాలికి అడ్డమే కాబట్టి థ్రాటిల్ తగ్గించగానే విమానం వేగం చప్పున పడిపోతుంది. ముక్కు వెంటనే దించాలి. సందేహించడానికి వ్యవధి ఉండదు. ఇంజన్ ఆగినా రన్‌వే అందేంత దగ్గరలోనే తిరుగుతాను. నాలోని తనిఖీదారు ఇంకా నాలోని పైలట్‌కు అంతకు మించి అనుమతి ఇవ్వలేదు.

ఫోర్డ్ లాంటి సర్టిఫికెట్ లేని ఇంజన్ కాబట్టి మామూలుగా 40 గంటలు పరీక్షగా ఎగరాలి. సర్టిఫై అయిన ఇంజన్, ప్రొపెల్లర్ జత అయితే 25 చాలు. అప్పటిదాకా ముందు సీట్లో ప్రయాణికులెవరూ కూర్చోకూడదు. కూర్చోవడం కూడా తేలిక కాదు, రెక్క కింద నుంచి కర్రల మధ్య, తీగల మధ్య దూరి వెళ్లాలి. చీరతో అసలు కాదు. ఎక్కినవాళ్లకు కనిపించేలా అక్కడ ఒక బోర్డు ఉండాలని నిబంధన. ఇది ఔత్సాహికుడు కట్టినది, మామూలు విమానాలకుండే ప్రభుత్వ భద్రతా ప్రమాణాలకు ఇది లోబడి లేదు అని.

మొన్న ఫోన్లో అమ్మకు ఆ బోర్డు తెలుగులో చదివి వినిపించాను. వచ్చే వేసవికి ఇక్కడికి వస్తోంది, ఎక్కుతానని పట్టు. అంతా విని, "అది చదవకపోతే ఎక్కనివ్వరట్రా?" అంది.