దారిఖర్చు ఎక్కడ దాచుకున్నారు?

అమ్మ పోయిన ఏడాదికి, 2018లో, రాంనగర్ ఇంట్లో ఆమె ట్రంకుపెట్టె సర్దుతుంటే అట్టడుగున ఒక గుడ్డసంచి దొరికింది. అరచేయంత ఉంది. రెండువైపులా నాడాలు, మూతికి పిన్నీసు. లంగా బొందుకు లోపలివైపు కట్టుకునేందుకు తన చేత్తో కుట్టుకున్నది. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పరిచయమైన ఆడవాళ్ళతో కలిసి అమ్మ కాశీ, రామేశ్వరం, షిర్డీ తిరిగింది. ఆ ప్రయాణాలన్నిట్లో ఈ సంచి ఆమె ఒంటిమీదే ఉండి ఉండాలి. నేనెప్పుడూ చూడలేదు. అందులో నాలుగు ఐదువందల నోట్లున్నాయి. పాతవి, 2016 నవంబరు 8 రాత్రి చెల్లవన్నవి.

ఆ నవంబరులో నేనే అమ్మను అడిగాను. "అమ్మా, నీ దగ్గరేమైనా పాత నోట్లున్నాయా? ఇస్తే బ్యాంకులో వేసొస్తాను" అంటే, "నా దగ్గరెందుకుంటాయే, అన్నీ మీరేగా చూసేది" అంది. డిసెంబరు 30తో గడువు అయిపోయింది. రెండు వేల రూపాయలు పోయినా ఫరవాలేదు గానీ తన దగ్గర సంచి ఉందన్న సంగతి కూతురికి కూడా తెలియకూడదనుకుంది. (పాత నోట్లు పదికి మించి దగ్గరుంటే జరిమానా అని 2017లో చట్టం కూడా చేశారు. అమ్మ నాలుగింటితో సరిపెట్టి చట్టాన్ని గౌరవించింది.)

నేను ఇరవై ఏళ్ళకు పైగా యాత్రాసాహిత్యం చదువుతున్నాను, దానిమీద రాస్తున్నాను. స్త్రీలు రాసిన యాత్రాకథనాల్లో స్వేచ్ఛ, ప్రకృతి, స్నేహం, తనను తాను తెలుసుకోవడం గురించి పేజీలకు పేజీలు రాశాను. డబ్బు ఎవరిచ్చారు, ఎక్కడ పెట్టుకున్నారు, పోతే ఏం చేశారు అన్న ప్రశ్న ఒక్కసారీ వేయలేదు. అమ్మ సంచి చేతిలో పెట్టుకుని కూర్చున్నాక నా అల్మైరాలోని పుస్తకాల్ని మళ్ళీ తిరగేయాల్సి వచ్చింది.

మొదట ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర' తీశాను. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ ఉద్యోగి ఆయన. 1830 మే 18న బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. వెంట దాదాపు వందమంది పరివారం. దారిలోంచి మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు రాసిన ఉత్తరాలే 1838లో పుస్తకంగా వచ్చాయి. ఆ పుస్తకంలో డబ్బు బహిరంగం. ఏ ఊళ్ళో ఏ నాణెం చెల్లుతుంది, మారకం ఎంత, ఏ వస్తువు ఏ ధర, బోయీల కూలి, మజిలీలో ఏం దొరుకుతుంది, అన్నీ మనముందు పరిచి ఉంటాయి. తర్వాత వెళ్ళేవాడికి పనికొస్తుందని రాశాడు, నిజంగానే పనికొచ్చి ఉంటుంది. కానీ అలా పరచగలగడానికి కారణం రచయిత నిజాయితీ ఒక్కటే కాదు. కాపలా ఉన్నవాడు, హోదా ఉన్నవాడు, కుంపిణీ కాగితం చూపిస్తే పలికే అధికారులున్నవాడు తన డబ్బు గురించి మాట్లాడగలడు. దారిలో రూపాయి పోతే అది ఆ దారి తప్పు, లేదా ఆ రాజ్యం తప్పు. "నువ్వసలు ఎందుకు బయల్దేరావు?" అని వీరాస్వామయ్యను ఎవరూ అడగరు.

ఆడవాళ్ళను అడుగుతారు. నన్ను అడుగుతారని నాకు తెలుసు కాబట్టే ఒక పని చేశాను. దాన్ని ఇన్నాళ్ళకు ఇక్కడ చెప్తున్నాను.

1997లో ఒక సెమినార్‌కి ఢిల్లీ వెళ్ళాను. ఒంటరిగా అంత దూరం వెళ్ళడం అదే మొదలు. రైల్లో రాత్రి తల కింద పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు తెల్లారేసరికి లేదు. టికెట్టు బ్లౌజులో ఉంది కాబట్టి బతికిపోయాను, డబ్బంతా పోయింది. ఢిల్లీలో నాతో గది పంచుకున్న ఒక మరాఠీ లెక్చరర్ మూడు వందలిచ్చింది. రెండురోజులూ సెమినార్ వాళ్ళు పెట్టిన భోజనమే తిని, టీ కూడా బయట తాగకుండా, ఆ మూడు వందలతో ఇల్లు చేరాను. ఇంట్లో చెప్పలేదు. బ్యాగు పాతబడిందని పారేశానన్నాను. అప్పు తీర్చడానికి మనియార్డరు రాంనగర్‌లో చేస్తే మా పోస్ట్‌మాన్ నోట్లోంచి ఎక్కడ జారుతుందోనని చిక్కడపల్లి దాకా వెళ్ళి చేశాను. అందినట్టు రసీదు ఇంటికొస్తుందని పంపేవారి చిరునామా కింద కాలేజీ పేరు రాశాను. ఒక ఆర్థిక నేరస్తురాలికి కూడా ఇంత ముందుచూపు ఉండదేమో!

తర్వాత ఆ ప్రయాణం మీద వ్యాసం రాశాను. యమునమీద మసక చంద్రుడున్నాడు అందులో. నిజాముద్దీన్ దర్గా దగ్గర గులాబీల వాసన ఉంది. ఒంటరి స్త్రీకి తెరుచుకున్న ఆకాశం కూడా ఉంది. పోయిన బ్యాగు లేదు. మూడు వందలిచ్చిన ఆవిడ లేదు. నిజానికి ఆ ప్రయాణంలో నాకు ఎదురైన స్త్రీల స్నేహం అంటూ ఉంటే అది ఆ మూడు వందలే, దాన్నే కొట్టేసి, స్నేహం గురించి రెండు పేరాలు సాధారణంగా రాశాను.

ఎందుకు రాయలేదంటే, రాస్తే ఇంట్లో చదువుతారు. డబ్బు పోయిందని తెలిస్తే పోయే అసలు వస్తువు ఇంకోసారి బయల్దేరే అనుమతి. మన యాత్రాకథనాల్లో డబ్బు గురించిన మౌనానికి నాకు ఇప్పుడు కనిపిస్తున్న మొదటి కారణం ఇదే. డబ్బు మాట ఎత్తడం అమర్యాద అన్నది పైకి చెప్పుకునే కారణం. ప్రయాణం సజావుగా సాగిందని రుజువు చూపించాల్సిన బాధ్యత రాసే స్త్రీ మీద ఉంటుంది. మన యాత్రావ్యాసం కొంతవరకు ఇంటికి సమర్పించిన లెక్కల పత్రం, అందులో నష్టాల పద్దు ఉండదు.

ఆ పద్దు రాసినామె ఒకరున్నారు. పండిత రమాబాయి.

ఆమెది యాత్ర కాదు, దారిమీది జీవితం. 1858లో పశ్చిమ కనుమల్లో గంగామూల అడవిలో పుట్టింది. ఆర్నెల్ల పిల్లగా బుట్టలో పెట్టి మోసుకుంటూ తల్లిదండ్రులు అనంతశాస్త్రి డోంగ్రే, లక్ష్మీబాయి క్షేత్రాల బాట పట్టారు. పురాణం చదవడం వాళ్ళ జీవిక. గుడి మండపంలోనో నది ఒడ్డునో కూర్చుని చదివితే వినేవాళ్ళు ధాన్యమో పళ్ళో నాణేలో ముందు పెట్టి వెళ్ళేవారు. చెయ్యి చాపేది లేదు, కూలికి వెళ్ళేది లేదు. వచ్చిన డబ్బు దానాలకూ బ్రాహ్మణ భోజనాలకూ క్షేత్రఫలానికీ పోయేది. ఒక ఊళ్ళో నిలిస్తే పొలమో ఇల్లో అయ్యే డబ్బు, నిలవని బతుకులో పుణ్యంగా మారిపోయింది. దాచడానికి చోటు లేని మనిషి దేవుడి దగ్గర దాచుకుంటాడు. అక్కడ నుంచి తిరిగి తీసుకోవడం ఎలాగో 1870ల కరువులో తెలియలేదు.

1907లో అచ్చయిన తన సాక్ష్యంలో ఆమె ఆ రోజుల్ని వరసగా చెబుతుంది. ముందు నగలు అమ్మారు, ఖరీదైన బట్టలు, వెండి సామాను, చివరికి వంటకు వాడే రాగి ఇత్తడి గిన్నెలు. ఆఖరి గింజ కూడా అయిపోయాక చావడానికి అడవిలోకి వెళ్ళారు. తిరుపతి కొండల పరిసరాలవి. నీళ్ళు, ఆకులు, గుప్పెడు ఈతపళ్ళు, పదకొండు రోజులు. 1874లో తండ్రి పోయాడు. కొద్దివారాలకే తల్లి రాయచూరులో పోయింది. మనం సెలవుల్లో తిరిగే నేల ఇది. తిరుపతి లడ్డూ గురించి రాసిన మనలో ఎవరం ఆ అడవిని గుర్తుచేసుకున్నామని?

అమ్మిన వస్తువుల ఆ వరస దగ్గర నేను ఆగిపోయాను. నగలు ఎవరివి? పెళ్ళయిన ఆడదానికి నగ స్త్రీధనం, అంటే దారిమీద ఆమెకున్న ఏకైక సొంత ఖాతా. అది లక్ష్మీబాయి ఒంటిమీదిదే అయ్యుండాలి. రమాబాయి మాత్రం 'మేము' అంటూ చెప్పుకుపోతుంది. తల్లి ఖాతా కుటుంబం ఖాతాలో ఎప్పుడు కలిసిందో, ఆమెను అడిగారో లేదో, ఎదురుచెప్పిందో లేదో తెలియదు. ఇంత నిష్కర్షగా లెక్క రాసినామె కూడా ఆ ఒక్క గడి ఖాళీ వదిలేసింది. స్త్రీవాద విమర్శ చెయ్యాల్సిన పని ఆ గడి దగ్గరే ఉంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఆమె సాక్ష్యం క్రైస్తవ విశ్వాస ప్రకటన. శీర్షికలోనే తరగని నిధి అన్న మాట ఉంది. చేతిలోని నిధి తరిగిపోతేనే తరగని నిధి కథ నడుస్తుంది. కాబట్టి లేమిని ఆమె ఒక గమ్యం కోసం అమర్చుకుందని అనేవాళ్ళుంటారు. అది కొంత నిజమే. అయినా ఆమె రాయగలగడానికి ఇంకో సాదా కారణం ఉందనుకుంటాను. అప్పటికి ఆమెకు దాదాపు యాభై ఏళ్ళు. తల్లిదండ్రులు, అక్క, 1880లో అన్న, 1882లో భర్త, అందరూ పోయారు. అనుమతి తీసుకోవాల్సినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. నష్టం రాసుకునే స్వేచ్ఛ ఆమెకు ఎంత ఖరీదుకు వచ్చిందో చూడండి!

ఆ అనుభవం నుంచి ఆమె నేర్చుకున్నది తర్వాతి ప్రయాణాల్లో కనిపిస్తుంది. 1882లో 'స్త్రీధర్మనీతి' రాసి, అది అమ్మగా వచ్చిన డబ్బుతో 1883లో ఇంగ్లండు ఓడ ఎక్కింది. అమెరికాలో ఉపన్యాసాలిస్తూ తిరిగింది. 1887లో అగ్రవర్ణ హిందూ స్త్రీ మీద ఇంగ్లీషు పుస్తకం వేసి అమ్మింది. బోస్టన్‌లో ఆమె పేరిట ఏర్పడిన సంఘం పదేళ్ళపాటు సాయం చేస్తామంది, 1889లో బొంబాయిలో శారదాసదనం తెరిచింది. దారిమీద పురాణం చదివి ముందు పడ్డది తీసుకున్న పిల్ల, పుస్తకానికి వెల కట్టి అమ్మే మనిషి అయింది. తన మాటకు తనే ధర నిర్ణయించడం నాకు ఆమె మతం మార్పిడి కంటే పెద్ద మార్పుగా తోస్తుంది. పండితులు కొట్టిపారేసినా సరే.

బయటి దేశాల్లోనూ ఒంటిమీది డబ్బే. 1924లో బిచ్చగత్తె యాత్రికురాలి వేషంలో లాసా చేరిన అలెగ్జాండ్రా డేవిడ్-నీల్ చిరుగుల బట్టల కింద డబ్బు, తుపాకీ కట్టుకుని నడిచింది. ఆమె రాసింది కూడా, గర్వంగానే. అయితే అంతకుముందు ఏళ్ళ తరబడి ఆమె ప్రయాణాలకు డబ్బు పంపింది భర్త. ఆ సాహసగాథ చెప్పుకునేటప్పుడు ఆయన మనియార్డర్లను మనం మర్చిపోతాం.

ఇక మా ఇంటి సంగతి. కింది వాటాలో ముగ్గురమ్మాయిలు అద్దెకుంటారు. గ్రూప్స్‌కి చదువుతూ అశోక్‌నగర్‌లో కోచింగ్‌కి వెళ్తారు. వాళ్ళు అమ్మలాగా యాత్రికులు కారు గానీ రెండేళ్ళుగా ఒక సూట్‌కేసుతో బతుకుతున్నారు, మూడు హాస్టళ్ళు మారారు. డబ్బంతా ఫోన్లోనే. ఒకమ్మాయి ఫోన్ కవరు వెనక ఒక ఐదువందల నోటు మడిచిపెట్టి ఉంటుంది. అమ్మ సంచి చూపిస్తే పడీపడీ నవ్వింది, తర్వాత నవ్వాపి చెప్పింది. కిందటేడు ఎవరో బ్యాంకు నుంచంటూ ఫోన్ చేస్తే మూడు వేలు పోయాయట. "మరి మీ నాన్నకి చెప్పలేదా?" అన్నాను.

"చెప్తే ఇంటికొచ్చెయ్ అంటరు ఆంటీ. సంబంధం గూడ చూసి పెట్టిన్రు."

నెలరోజులు ఒక పూటే తిన్నదట. 1997కీ ఇప్పటికీ నాకు తేడా ఏమీ కనపడలేదు. యూపీఐ యాప్ ఆమెదే, ఖాతా మెసేజ్‌లు మాత్రం నాన్నకూ వెళ్తాయి. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయికీ ఊళ్ళో ఒక మెసేజ్ మోగుతుంది. అమ్మ సంచికి ఆ బెడద లేదు. బ్యాంకింగ్ సౌకర్యం స్త్రీలకు స్వాతంత్ర్యమిచ్చిందని రాసేవాళ్ళు ఆ మెసేజ్ ఎవరి జేబులో మోగుతోందో ఒకసారి కనుక్కుంటే బాగుంటుంది.

2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. ఆ అమ్మాయి పండక్కి ఊరికి ఆధార్ కార్డు చూపించి వెళ్ళొస్తోంది. "వీళ్ళకి వేరే పన్లేదు, ఊరికే తిరుగుతున్నారు" అని ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ స్టాపులో మగవాళ్ళు విసుక్కోవడం నేనే విన్నాను. ఊరికే తిరగడానికి ఆడదానికి దారిఖర్చు అడగాల్సిన అవసరం లేకపోవడం ఎంత పెద్ద సంగతో ఆ విసుగే చెప్తోంది. దీనిమీద కథలు రావాలి. వచ్చినవాటిలో నేను చదివిన రెండు మూడూ రద్దీ గురించే ఉన్నాయి.

నా ఢిల్లీ వ్యాసాన్ని ఒక సంకలనంలో వేస్తామని ఈమధ్య అడిగారు. చంద్రుణ్ణి ఉంచాను. పోయిన బ్యాగు, మూడు వందలు, చిక్కడపల్లి పోస్టాఫీసు కలిపాను. ప్రూఫులు బల్లమీద ఉన్నాయి. మా ఆయన రోజూ అక్కడే కూర్చుని పేపరు చదువుతారు. ఇంకా తెరవలేదు.