పలువరుసను నిలిపే చేయి
పళ్లన్నీ ఊడిన దవడలో టైటానియం ఇంప్లాంట్లను, అంటే కృత్రిమ దంతమూలాలను, బిగించి వారంలోపే వాటిపై కదలని పలువరుసను నిలిపే తక్షణభార పద్ధతిలో శస్త్రవైద్యునికి వచ్చే పేరు డెంటల్ టెక్నీషియనుకు రాకపోవడం అన్యాయమే. 1965లో స్వీడన్‌లో పరిశోధకుడు బ్రోనెమార్క్ తొలి రోగికి ఇంప్లాంట్లు అమర్చిన తరవాత చాలాకాలం, ఎముక లోహాన్ని పట్టుకునేదాకా నెలల తరబడి ఆగడమే నియమంగా ఉండేది. ఇప్పుడు ఇంప్లాంటు మొదటే గట్టిగా కూర్చుంటే ఆగనక్కరలేదు గాని, నమలేటప్పుడు అది సుమారు 150 మైక్రాన్లకు మించి కదిలితే ఎముకకు బదులు పీచుకణజాలం పెరుగుతుంది కనుక, ఇంప్లాంట్లన్నిటినీ ఒక్కటిగా బంధించే అక్రిలిక్ వంతెనే ఆ కదలికను అదుపు చేయాలి. ఆ వంతెనను తీర్చే టెక్నీషియను కట్టుడుపళ్ల సెట్టుకు రంధ్రాలు చేసి, టైటానియం గొట్టాలను అక్రిలిక్‌తో అతికి, ఒక కొసన స్క్రూ బిగించినప్పుడు రెండో కొస వెంట్రుకవాసైనా లేవకుండా సరిచూసి, చిగురుకు ఆనే అడుగుభాగాన్ని ఓర్పుతో నునుపు తేలుస్తాడు.