ఫోను ఎవరి చేతిలో ఉంది?

"పానం మంచిగ లేదు." జనగామ నుంచి భూపాలపల్లి దాకా, పాత వరంగల్ జిల్లా పల్లెల్లో ఆడవాళ్ల నోట తరచూ వినే మాట. జ్వరమొచ్చినా అదే మాట, దిగులు కమ్మినా అదే మాట. ఒంటినీ మనసునీ విడదీయని ఈ మాట దగ్గర, సాహిత్యం చదువుకున్న నేను ఆగిపోతాను.

14416కు చేస్తే తెలుగులోనూ మాట్లాడే టెలీమానస్ 2022 అక్టోబర్ 10న మొదలైంది. పైసా ఖర్చు లేదు, రాత్రీపగలూ పలుకుతుంది. వరంగల్ బస్సు ఛార్జీకి వెతుక్కునే మనిషికి చిన్న మేలు కాదది. కానీ ఫోను ఎవరిది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో తాము సొంతంగా వాడుకునే మొబైల్ ఉన్న స్త్రీలు నూటికి 54 మందే. మిగిలినవాళ్లు భర్తనో కొడుకునో అడగాలి. "ఎవరికి?" అంటే జవాబు చెప్పాలి. చేసిన నెంబరు అందులోనే ఉండిపోతుంది. వంటకూ పడకకూ ఒకటే గది అయినచోట, ఆ దుఃఖానికి కారణమైనవాడు వింటుండగా ఏం చెప్పుకుంటుంది?

అంతకుముందే పశ్చిమ గోదావరి పల్లెల్లో స్మార్ట్ మెంటల్ హెల్త్ ప్రాజెక్టు వేరే దారి పట్టింది. ఆశా కార్యకర్తలు ట్యాబ్‌తో ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలడిగారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకూ ట్యాబే దారి చూపింది. ఇందులో నాకు నచ్చింది ట్యాబ్ కాదు, గుమ్మం దాకా నడిచొచ్చిన ఆడమనిషి. (ఆమెకిచ్చేది జీతం కాదు, పారితోషికం. ఆమె దిగులు ఎవరు అడుగుతారో!)

నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా అని విడివిడిగా అడిగే ప్రశ్నావళిలో "పానం" ఏ గడిలో పడుతుంది? మహబూబాబాద్ తండాల్లో లంబాడీ ఆడవాళ్లు దాన్ని తమ భాషలో ఏమంటారో, ప్రశ్నలు రాసేముందే వాళ్లనడగాలి.