రౌటర్ ముందు ఎనిమిది గంటలు

సీసీఐఈ అనే నెట్‌వర్కింగ్ పరీక్ష నెగ్గిన ప్రతి ఇంజినీరుకూ ఒక నంబర్ ఇస్తారు. ఆ వరుస 1024తో మొదలవుతుంది. 1993లో సిస్కో కంపెనీ ఈ పరీక్షను ప్రారంభించినప్పుడు 1024ను మొదటి ల్యాబ్ గదికే కేటాయించారు. పరీక్షను తీర్చిదిద్దిన స్టూవర్ట్ బిగ్స్‌ది 1025. కంపెనీ బయటివాళ్లలో మొట్టమొదట నెగ్గిన టెర్రీ స్లాటరీది 1026. సిస్కో రౌటర్లలో ఇంజినీర్లు ఆదేశాలు టైపు చేసే కమాండ్ లైన్‌ను ఇప్పటి రూపానికి తెచ్చిన బృందానికి నాయకుడు ఈ స్లాటరీయే. అంతటివాడు కూడా రౌటర్ల ర్యాక్ ముందు కూర్చుని, నెట్‌వర్క్ కట్టి చూపించాకే నంబర్ పుచ్చుకున్నాడు. నెట్‌వర్క్ రంగంలో ఈ పరీక్షకున్న మర్యాద అక్కడినుంచి వచ్చిందే.

తొలినాళ్లలో ల్యాబ్ రెండు రోజులు నడిచేది. కేబుళ్లు బిగించడం దగ్గర్నుంచి అంతా అభ్యర్థి పనే. మొదటి రోజు కట్టినదానికి పరీక్ష నడిపే ప్రోక్టర్ మార్కులు వేసేవాడు. సరిపడా వస్తేనే మర్నాడు రమ్మనేవాళ్లు. రెండో రోజు అభ్యర్థి గదిలో లేని సమయం చూసి, అతను కట్టిన నెట్‌వర్క్‌లోనే ప్రోక్టర్ లోపాలు పెట్టేవాడు. వెనక్కొచ్చి వాటిని వెతికి పట్టుకుని బాగుచేయాలి. 2001 అక్టోబరులో దీన్ని ఒక్క రోజుకు, ఎనిమిది గంటలకు కుదించారు. అప్పుడు పెదవి విరిచిన పాతతరంవాళ్లు చాలామందే. కానీ కుదింపు వల్ల పరీక్ష తేలికైపోలేదు. అంతకుముందు కేబుళ్లకు పోయే సమయం తగ్గింది.

ఇప్పటి రూపం 2020 ఫిబ్రవరిలో వచ్చింది. ఎంటర్‌ప్రైజ్ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ అనే విభాగాన్నే తీసుకుంటే, ముందు రెండు గంటల రాత పరీక్ష నెగ్గాలి. ఆ తర్వాతే ల్యాబ్. అందులో మొదటి మూడు గంటలు డిజైన్. ముట్టుకోవడానికి పరికరం ఒక్కటీ ఉండదు. ఒక కంపెనీ అవసరాలు, ఉద్యోగుల మధ్య నడిచిన ఈమెయిళ్లు, నెట్‌వర్క్ పటాలు ముందుంటాయి. వాటిని చదివి ఏ దారి ఎందుకు మేలో తేల్చాలి. ఒక జవాబు ఇచ్చి ముందుకు కదిలితే మళ్లీ వెనక్కి వెళ్లడానికి వీల్లేదు. మిగతా ఐదు గంటలు కట్టడం, నడపడం, మెరుగుపరచడం. సిలబస్‌లో మౌలిక నెట్‌వర్కింగ్‌కు 30 శాతం, సాఫ్ట్‌వేర్ ఆధారిత నెట్‌వర్క్‌లకు 25 శాతం ఉంటే, ట్రాన్స్‌పోర్ట్, భద్రత-సేవలు, ఆటోమేషన్ తలా 15 శాతం పంచుకుంటాయి. పైథాన్ రాని పాత ఉద్దండులు మళ్లీ పుస్తకం పట్టింది ఈ మార్పుతోనే.

మన దేశంలో ఈ ల్యాబ్ బెంగళూరులో ఉంది. తెలుగు రాష్ట్రాల అభ్యర్థుల్లో ఎక్కువమంది గమ్యం అదే. ఫీజు పదిహేను వందల డాలర్లకు పైమాటే కాబట్టి ఒకసారి తప్పితే నెలల జీతం పోయినట్టే. అందుకే సన్నాహం ఏడాదికి తగ్గదు. ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఇంకా ఎక్కువే పడుతుంది.

ఆ ఏడాదిలో ఏం చేస్తారు? చదవడం సగం కూడా కాదు. జెఫ్ డోయల్ రాసిన 'రౌటింగ్ టీసీపీ/ఐపీ' పుస్తకాన్ని రెండు తరాలవాళ్లు పేజీలు నలిగేదాకా చదివారు. ఓఎస్‌పీఎఫ్ అనే రౌటింగ్ ప్రోటోకాల్‌కు మూలపత్రమైన ఆర్ఎఫ్‌సీ 2328నూ శ్రద్ధ ఉన్నవాళ్లు వదలరు. అయితే ఈ విద్యలో అసలు సాధన ఒకటుంది. మంచి గురువులందరూ చెప్పేది అదే: ఎంటర్ కొట్టేముందు, ఆ కమాండ్‌తో ఏం మారుతుందో కాగితం మీద రాయి. తర్వాత కొట్టి చూడు. రాసినదానికీ తెరమీద కనిపించినదానికీ తేడా వస్తే, తెలియని విషయం సరిగ్గా ఎక్కడుందో అక్కడే దొరికినట్టు. ఇలా వెళ్తే నెమ్మదిగానే ఉంటుంది. అయినా ఆరు నెలలు తిరిగేసరికి ఈ పద్ధతి పట్టినవాడికీ, వర్క్‌బుక్ చూసి కమాండ్లు దింపుకుంటూ పోయినవాడికీ పోలికే ఉండదు.

ఒక చిన్న లోపాన్ని చూద్దాం. రెండు రౌటర్ల మధ్య ఓఎస్‌పీఎఫ్ పెట్టారు. పొరుగు సంబంధం 'ఎక్స్‌స్టార్ట్' దగ్గర ఆగిపోయింది, ముందుకు కదలడం లేదు. కొత్తవాడు ప్రాసెస్‌ను క్లియర్ చేస్తాడు, ఇంటర్‌ఫేస్‌ను ఆపి మళ్లీ లేపుతాడు, కాన్ఫిగరేషన్ మొత్తం పైనుంచి కిందికి చదువుతాడు. సాధన ఉన్నవాడు ఆ ఒక్క మాట చూసి సగం అనుమానాలు కొట్టేస్తాడు. సంబంధం అక్కడిదాకా వచ్చిందంటే హలో ప్యాకెట్లు రెండువైపులా అందుతున్నాయి. అంటే ఏరియా కుదిరింది, హలో, డెడ్ టైమర్లు కుదిరాయి, సబ్‌నెట్ మాస్క్ కుదిరింది, పాస్‌వర్డ్ ఉంటే అదీ కుదిరింది. ఆగింది డేటాబేస్ వివరాలు ఇచ్చిపుచ్చుకునే మెట్టు దగ్గర. ఆ మెట్టు దగ్గర అడ్డుపడేది చాలావరకు ఎంటీయూ, అంటే ప్యాకెట్ గరిష్ఠ పరిమాణంలో తేడాయే. ఒకవైపు 1500, రెండోవైపు 1400 ఉందేమో చూస్తాడు, సరిచేస్తాడు. నిమిషంలో అయిపోతుంది. ఇదంతా ప్రోటోకాల్ ఏ మెట్టులో ఏ షరతు చూస్తుందో తెలిసినందువల్ల వచ్చిన వేగం.

ఇంకొంచెం లోతైనది రిడిస్ట్రిబ్యూషన్, అంటే ఒక రౌటింగ్ ప్రోటోకాల్ దారులను మరోదానిలోకి చేరవేయడం. ఈ పేరు చెబితే సీసీఐఈ అభ్యర్థులకు గుండె ఝల్లుమనడం మామూలే. ఒక పక్క రిప్ అనే ప్రోటోకాల్ నడుస్తోంది, మరో పక్క ఓఎస్‌పీఎఫ్. మధ్యలో సరిహద్దు మీద ఆర్1, ఆర్2 అని రెండు రౌటర్లు, రెండూ ఇటు దారులు అటూ, అటు దారులు ఇటూ చేరవేస్తున్నాయి. రిప్ పక్క 172.16.5.0 అనే నెట్‌వర్క్ ఉందనుకుందాం. ఆర్1 దాన్ని ఓఎస్‌పీఎఫ్‌లోకి పంపింది. ఆ కబురు ఓఎస్‌పీఎఫ్ మీదుగా ఆర్2కు చేరింది. ఆర్2కు అదే నెట్‌వర్క్ రిప్ ద్వారా ముందే తెలుసు. అయితే సిస్కో రౌటర్ లెక్కలో రిప్ నమ్మకం విలువ 120, ఓఎస్‌పీఎఫ్‌ది 110. తక్కువ ఉన్నదాన్నే రౌటర్ ఎక్కువ నమ్ముతుంది. దాంతో ఆర్2 పక్కనే ఉన్న రిప్ దారిని వదిలేసి, ఊరంతా తిరిగి ఆర్1 మీదుగా వెళ్లే దారి పట్టింది. అక్కడితో ఆగితే దూరమే పెరిగేది. కానీ ఆర్2 తాను ఓఎస్‌పీఎఫ్‌లో విన్నవన్నీ తిరిగి రిప్‌లోకి చెబుతోంది. అదీ చిన్న మెట్రిక్‌తో. రిప్ రౌటర్లు అసలు దారికంటే ఇదే దగ్గరని నమ్మి ప్యాకెట్లను ఆర్2కు పంపాయి. ఆర్2 వాటిని ఆర్1కు, ఆర్1 మళ్లీ రిప్‌లోకి. ప్యాకెట్ గుండ్రంగా తిరిగి తిరిగి చచ్చిపోతుంది.

దీనికి మందు ట్యాగ్. రిప్‌లోంచి ఓఎస్‌పీఎఫ్‌లోకి పంపే ప్రతి దారికీ ఆర్1 ఒక గుర్తు వేస్తుంది. పద్ధతిగా చేసేవాళ్లు గుర్తు పట్టడానికి వీలుగా 120 అనే పెడతారు. ఆ గుర్తున్నదాన్ని తిరిగి రిప్‌లోకి పంపొద్దని ఆర్2కు చెబుతారు. రెండోవైపూ ఇదే. దీనితో గుండ్రంగా తిరగడం ఆగుతుంది, కానీ ఆర్2 మాత్రం ఇంకా చుట్టుదారినే వెళ్తుంటుంది! దాన్ని సరిచేయాలంటే ఓఎస్‌పీఎఫ్ బయటి దారుల విలువను 120 కంటే పైకి జరపాలి. ఈ రెండో సంగతి గమనించక పింగ్ వెళ్లిందని సంబరపడి ముందుకు పోయేవాళ్లు ఎంతమందో. ప్రశ్నలో 'దగ్గరి దారినే వాడాలి' అని ఒక ముక్క ఉంటే ఆ మార్కులన్నీ పోయినట్టే. పైగా ప్రశ్నల్లో 'స్టాటిక్ రూట్ వాడరాదు' లాంటి ఆంక్షలు ఉంటాయి. అవి వేధించడానికి పెట్టినవనుకుంటే పొరపాటు. అడ్డదారి మూసేస్తేనే ప్రోటోకాల్ ఎంత తెలుసో బయటపడుతుంది.

గది లోపల పాటించే అలవాట్లు కొన్ని గురుశిష్యుల మధ్య అందుతూ వచ్చాయి. ప్రశ్నపత్రం మొత్తం చదవకుండా కీబోర్డు ముట్టుకోకూడదు, ఎందుకంటే మొదట్లో చేసే ఒక పని చివర్లో అడిగే పనికి అడ్డు రావచ్చు. తన పటం తాను గీసుకోవాలి. ప్రతి భాగం అయ్యాక సేవ్ చేయాలి. రౌటర్‌లోనే ఉండే టీసీఎల్ షెల్‌లో రెండు పంక్తుల స్క్రిప్టు రాసి అన్ని చిరునామాలకూ ఒకేసారి పింగ్ కొట్టి చూడటం ఇంకో పాత అలవాటు. ఒక భాగం చేశాక దానివల్ల అంతకుముందు చేసినవి చెడలేదు కదా అని తేల్చుకోవడానికి అంతకు మించిన సాధనం లేదు.

సాధనకు సామాను ఒకప్పుడు పెద్ద అడ్డంకి. సెకండ్‌హ్యాండ్‌లో పాత 2500, 2600 రౌటర్లు కొనాలి, లేకపోతే ఏ సంస్థ ర్యాక్‌నో గంటల లెక్కన అద్దెకు తీసుకోవాలి. హైదరాబాద్‌లో అమీర్‌పేట, మైత్రీవనం చుట్టుపక్కల నెట్‌వర్కింగ్ సంస్థలు పెరగడానికి ఇదీ ఒక కారణం. రాత్రిపూట ర్యాక్ దొరుకుతుందని అక్కడే తెల్లవార్లూ కూర్చున్న కుర్రాళ్లు ఉండేవారు. క్రిస్టోఫ్ ఫియో రాసిన డైనమిప్స్, దానిమీద జెరెమీ గ్రాస్‌మన్ కట్టిన జీఎన్ఎస్3 వచ్చాక లెక్క మారింది. తర్వాత ఈవీఈ-ఎన్‌జీ కూడా తోడైంది. ఇప్పుడు తగినంత మెమరీ ఉన్న ఒక్క ల్యాప్‌టాప్‌లో ఇరవై రౌటర్లు లేపొచ్చు. శ్రీకాకుళంలో ఉన్నా ఆదిలాబాద్‌లో ఉన్నా అమీర్‌పేట గది అద్దె లేకుండా సాధన సాగుతుంది.

అదే సమయంలో ఒక చీడ కూడా పట్టింది. అసలు ల్యాబ్ ప్రశ్నలు బయటికి లాగి, జవాబులతో సహా అమ్మే వ్యాపారం. డంప్స్ అంటారు. వాటిని బట్టీపట్టి నంబర్ కొట్టినవాళ్లూ ఉన్నారు. ఇలాంటివాళ్లు ఇంటర్వ్యూలో 'ఎక్స్‌స్టార్ట్‌లో ఎందుకు ఆగింది' అనే ప్రశ్న దగ్గరే నీళ్లు నమిలితే, ఆ మచ్చ నిజాయితీగా రెండేళ్లు కష్టపడిన పక్కవాడి నంబర్ మీద కూడా పడుతుంది. ఈ అన్యాయం గురించి మన శిక్షణ సంస్థలు మాట్లాడాల్సినంత మాట్లాడటం లేదు.

ఇంత పరీక్ష దేనికి అనేవాళ్లకు 2008 ఫిబ్రవరి 24 నాటి ఘటన చూపించాలి. తమ దేశంలో యూట్యూబ్‌ను ఆపాలనుకున్న పాకిస్తాన్ టెలికాం 208.65.153.0/24 అనే దారిని ప్రకటించింది. ఆ ప్రకటన దేశం దాటి, పైనున్న పీసీసీడబ్ల్యూ అనే కంపెనీ ద్వారా ప్రపంచమంతా పాకింది. యూట్యూబ్ ప్రకటన అప్పటికి /22. రౌటర్ ఎప్పుడూ మరింత కచ్చితమైన చిరునామాకే మొగ్గుతుంది కాబట్టి /24 గెలిచింది. యూట్యూబ్‌కు వెళ్లాల్సిన ప్యాకెట్లు పాకిస్తాన్ దారి పట్టాయి. యూట్యూబ్ ఇంజినీర్లు ముందు తామూ అదే /24 ప్రకటించారు. అది చాలక, కొద్ది నిమిషాలకే దాన్ని రెండు /25లుగా చీల్చి ప్రకటించారు. రెండు గంటల పైచిలుకు గడిచాక పీసీసీడబ్ల్యూ ఆ తప్పుడు దారిని వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రం పనికొచ్చింది ప్రతి అభ్యర్థీ మొదటి నెలలో నేర్చుకునే సూత్రమే. దాన్ని ప్రపంచం గోల చేస్తుండగా, గడియారం పరుగెడుతుండగా, చేయి వణక్కుండా వాడటమే కష్టం. ఎనిమిది గంటల ల్యాబ్ తయారుచేసేది ఆ చేతినే.

నంబర్ వచ్చాక కూడా మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, పరీక్ష రాసో, 120 క్రెడిట్లు కూడబెట్టో. ఇక మనవాళ్లలో ల్యాబ్ తప్పినవాళ్లను కదిపితే ఎక్కువగా వినిపించే మాట ఒకటే: కట్టడం వచ్చింది, చెడినదాన్ని పట్టుకోవడం రాలేదు అని. శిక్షణ సంస్థలు వారానికి ఒక పూటైనా బ్యాచ్‌కు బాగున్న నెట్‌వర్క్ ఇవ్వడం మానేసి, ఐదారు లోపాలు పెట్టిన టోపాలజీ చేతికిచ్చి, కాన్ఫిగరేషన్ చూడకుండా షో కమాండ్లతోనే కారణం రాయమనాలి. ప్రోక్టర్లు 1993లో చేసింది అదే, దానికి ఇప్పుడు ర్యాక్ కూడా అక్కర్లేదు.