సోదరత్వానికి పునాది ఏది?

విజయవాడ వంటి వర్తక కేంద్రంలో వ్యాపార సంఘాలకూ, సేవా క్లబ్బులకూ కొదవ లేదు. వాటిలో చేరే ముస్లింను నీ విశ్వాసమేమిటని ఎవరూ అడగరు. ఫ్రీమేసన్ సోదర సంఘం మాత్రం అడుగుతుంది. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి 1872లో వారి సమావేశ మందిరమైంది. 1961లో ఏర్పడిన భారత గ్రాండ్ లాడ్జికి తొలి గ్రాండ్ మాస్టరు రాంపూర్ నవాబు రజా అలీ ఖాన్. కనుక ఇది మనకు సంబంధించని విషయం కాదు.

1723లో జేమ్స్ ఆండర్సన్ కూర్చిన నియమావళి ఈ సంఘానికి మూలాధారం. మనుషులందరికీ సమ్మతమైన మతం చాలు, తక్కిన అభిప్రాయాలు ఎవరివి వారివే అన్నది దాని సారాంశం. మతకలహాలు చవిచూసిన ఇంగ్లండులో ఇది ఉదారమైన మాటే. అయితే పర్యవసానం చూడాలి. ఆంగ్ల సంప్రదాయపు లాడ్జిలో చేరేవాడు పరమాత్ముణ్ణి నమ్మితే చాలు. తన మతగ్రంథం మీద ప్రమాణం చేస్తాడు. ముస్లిం అయితే దివ్య ఖుర్ఆన్ మీద చేస్తాడు. కాని రిసాలత్, ఆఖిరత్ అక్కడ సొంత అభిప్రాయాలుగా మిగిలిపోతాయి. జీవితానికి దారి చూపవలసిన గ్రంథం ప్రమాణానికి సాధనమవుతుంది. 1877లో ఫ్రాన్సు గ్రాండ్ ఓరియంట్ దైవవిశ్వాస నిబంధననే తొలగించింది. ఆంగ్ల లాడ్జిలు దీన్ని అంగీకరించని మాట నిజమే. కాని విశ్వాసాన్ని ప్రవేశార్హతగా కుదించాక, దాన్ని తొలగించడానికి ఎంతో దూరం లేదు.

1978లో మక్కాలోని ఫిఖ్ మండలి ఈ సంఘాన్ని తీవ్రంగా ఖండించింది. మన విమర్శకు కుట్ర కథలు అవసరం లేదు. విశ్వాసులను సోదరులుగా పేర్కొన్న సూరా హుజురాతే, ఆ వెంటనే 12వ ఆయతులో అనుమానాలను వారించింది.

అలాగని అన్యులతో కలవడమే తప్పనడం కూడా సమంజసం కాదు. నుబువ్వతుకు పూర్వం దైవప్రవక్త (స) హిల్ఫుల్ ఫుజూల్ ఒప్పందంలో పాల్గొన్నారు. మోసపోయిన ఒక పరదేశి వర్తకునికి న్యాయం చేయడానికి పుట్టిన ఒప్పందమది. ఇస్లామ్ వచ్చాక కూడా అటువంటి పిలుపుకు స్పందిస్తానని ఆయన చెప్పారు. దాని లక్ష్యం మేలు, అందరికీ తెలిసినదే, ఎవరి విశ్వాసాన్నీ తగ్గించలేదు.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేలాది ప్రాణాలు బలిగొన్నప్పుడు వివిధ మతాలవారు సహాయానికి వచ్చారు. అందుకు రహస్య ప్రమాణం కావలసి రాలేదు. మంచి పనిలో అందరితో కలుద్దాం. విశ్వాసాన్ని గడప బయట విడిచి రమ్మనే సోదరత్వం మాత్రం మనకు వద్దు.