రాగి కన్న నీలం

మైలతుత్తం నీలం మనకు కొత్త కాదు. తోటలో బోర్డో మిశ్రమం కలిపే రైతు చేతి గోళ్లకు తెలుసు, హైస్కూలు ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టిన పిల్ల కళ్లకు తెలుసు. ఎండలోని ఎరుపునంతా తాను తాగేసి, మిగిలినదాన్ని మన కంటికి వదిలే రాగి అది. అందమే, కానీ మిగులు అందం. రాగి తన కడుపులోంచి కని ఇచ్చే నీలం ఒకటుంది. ఈ నాలుగు మాటలూ దాని గురించి.

సీజియం, రాగి, అయొడిన్ 3, 2, 5 పాళ్లలో కలిసి కట్టిన స్ఫటికం. పగటి వెలుతురులో దాన్ని అరచేతి మీద పెట్టుకుంటే పటికబెల్లం పలుకనుకుంటారు. రంగు లేదు, డాబు లేదు, తనవైపు చూడమన్న పిలుపు లేదు. తలుపులు మూయండి, దీపాలార్పండి, కంటికి ఆనని అతినీలలోహిత కాంతిని దాని మీదికి మళ్లించండి. ఆహా! ఆ ముక్క అంచున ఏదో మెరిసిందని కాదు, లోపలి లోతంతా ఒక్కసారిగా నీలమై నిండిపోతుంది. దాని శిఖరం 445 నానోమీటర్ల దగ్గర. అయినా ఆ ఒక్క బిందువు మీదే నిలబడిపోదు. మనం రోజూ చూసే ఎల్ఈడీ నీలం ఒకే స్వరాన్ని పట్టుకుని కంట్లో గుచ్చుతుంది. ఇది గమకంతో వస్తుంది: కాస్త ఊదావైపు ఒరిగి, కాస్త ఆకుపచ్చవైపు సాగి, అటూ ఇటూ మెత్తగా జారే నీలం. ఎంతసేపు చూసినా కన్ను అలసిపోని నీలం!

ఇంతకీ ఇది పుట్టే తీరులో నాకు కనిపించే శృంగారం మరొకటుంది. స్ఫటికం లోపల రెండు రాగి పరమాణువులు, అయిదు అయొడిన్లు కలిసి ఒక చిన్న దీవి. ఒక రాగిని నాలుగు అయొడిన్లు చుట్టుకుంటే, రెండోదాన్ని మూడే చుట్టుకుంటాయి. దీవికీ దీవికీ మధ్య సీజియం మౌనంగా పరుచుకుని ఉంటుంది. 1860లో బున్సెన్, కిర్కాఫ్ ఈ సీజియాన్ని మొదట గుర్తుపట్టింది దాని జ్వాల విరజిమ్మిన రెండు నీలి రేఖల వల్లే. ఇక్కడ మాత్రం అది పాటను రాగికి వదిలేసి తాను శ్రుతిగా ఉండిపోయింది. శక్తి వచ్చి దీవిని తాకుతుంది. ఎలక్ట్రాన్ పైకి లేస్తుంది, దాని చోటు ఖాళీ అవుతుంది, ఆ కదలికకు దీవి మొత్తం వంగిపోతుంది. ఆ వంపులోనే శక్తి చిక్కుకుంటుంది. పక్క దీవికి దూకలేదు, పారిపోలేదు. కొంత లోపలి కంపనాల్లో కరిగించుకుని, మిగతాదాన్ని నీలంగా విడిచిపెడుతుంది. దీవి మళ్లీ నిటారుగా సర్దుకుంటుంది. ఇదంతా సెకనులో పదిలక్షల వంతు కాలపు ముచ్చట. వంగడం వల్ల వెలుగు! తన శక్తికి తానే వల పన్నుకుని, ఆ వలలోంచే వెలుగును వదిలే పదార్థం!

టోక్యో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో హిదేవో హొసోనో బృందం 2018లో ఈ స్ఫటికాన్ని కొలిచి, మింగిన ప్రతి వంద ఫోటాన్లకు తొంభై దాకా తిరిగి వెలుగుగా ఇస్తోందని చెప్పింది. అంకె గొప్పదే. నన్ను ఇంకా లోతుగా కదిలించేది దాని వెనకున్న ఔదార్యం. ఇది మింగేది 300 నానోమీటర్ల ప్రాంతంలో, ఇచ్చేది 445 దగ్గర. రెంటికీ నడుమ ఎంత ఎడం ఉందంటే, తానిచ్చిన వెలుగును తాను మళ్లీ ముట్టదు. స్ఫటికం నట్టనడుమ పుట్టిన కిరణం కూడా ఏ సుంకమూ కట్టకుండా బయటికొచ్చేస్తుంది. చెప్పని అర్థం స్ఫురించడాన్ని మన ఆలంకారికులు ధ్వని అన్నది ఇలాంటిదేననిపిస్తుంది. వాచ్యం చెవిన పడకుండానే అంతరించింది, వ్యంగ్యం మాత్రం గదంతా పరుచుకుంది.

అయొడిన్ తీసి క్లోరిన్ పెట్టి చూడండి, లేత ఆకుపచ్చ లేస్తుంది. ఇలాగే వెలిగే సీసపు పెరోవ్‌స్కైట్ స్ఫటికాల్లో క్లోరిన్ నుంచి అయొడిన్‌కు వెళ్లేకొద్దీ రంగు నీలం నుంచి ఎరుపుకు దిగుతుంది. రాగి ఇక్కడ ఆ వరసను తిరగేసింది. ఇంకో వింత, నీటి తడి తగిలితే సీజియం అయొడైడ్ కొంత కరిగి జారిపోతుంది; మిగిలిన రాగీ అయొడిన్లు దీవులు వదిలేసి గొలుసులుగా చేతులు కలుపుతాయి; నీలం కాస్తా పసుపవుతుంది! నీలానికి పసుపు తోడైతే తెలుపు. ఇంటిల్లిపాదికీ పనికొచ్చే దీపం ఇక్కడే ఉంది.

పిరిడీన్ అనే కర్బన అణువును తగిలించుకున్న మరో రాగి అయొడైడ్ సంగతి చెప్పకపోతే ఈ రసాస్వాదన వెలితే. నాలుగు రాగి పరమాణువులు, నాలుగు అయొడిన్లు కాస్త నలిగిన ఘనపు మూలల్లో ఒకటి విడిచి ఒకటి కూర్చుంటాయి. మామూలు వేడిలో అతినీలలోహితం కింద పసుపు. ద్రవ నత్రజనిలో, మైనస్ 196 డిగ్రీల చలిలో ముంచండి, నీలి ఊదా. పైకి తీసి ఊరుకోండి, పసుపు మెల్లగా తిరిగివస్తుంది. ఆ రెండు రంగుల మధ్య సంధికాలం చూడాలి, ఎటూ తేల్చుకోని ఆ క్షణం చూడాలి!

1895లో వుర్ట్స్‌బర్గ్‌లో రోంట్‌గెన్ చీకటి గదిలో బేరియం ప్లాటినోసయనైడ్ పూసిన తెర దానంతట అది మెరవడం చూశాడు. ఎక్స్‌రే మన కంటికి అందింది అలా ఒక వెలిగే పదార్థం దయ వల్లే. ఈనాటి ఆస్పత్రి డిజిటల్ ఎక్స్‌రే పలకల్లో థాలియం కలిపిన సీజియం అయొడైడ్ ఆ పని చేస్తోంది. మన నీలి స్ఫటికం ఆ వంశంలోనిదే. సీజియం, అయొడిన్ బరువైన పరమాణువులు గనుక ఎక్స్‌రేని ఒడిసిపట్టుకుంటాయి, రాగి దాన్ని నీలంగా పలికిస్తుంది. ఎముక మీది సన్నని చీలిక ఒక నీలి తెర మీద రేఖగా తేలడం తలచుకోండి. బాధ కూడా ఇంత సుకుమారమైన లిపిలో రాయబడుతుందా!

లోపాలు లేవనను. ఈ స్ఫటికాన్ని మేల్కొలపడానికి అతినీలలోహితమే కావాలి, బజారులో దొరికే నీలి ఎల్ఈడీతో అది కదలదు. విద్యుత్తుతో నేరుగా వెలిగించబోతే, అదే దీవులు ఎలక్ట్రాన్ల దారికి అడ్డం పడతాయి. రాగిని గాలి పీడించకుండా కాపాడాలి. అయినా సీసపు విషం లేకుండా ఇంత ఉజ్జ్వలంగా వెలగడం చిన్న సంగతి కాదు. ఆకుపచ్చా పసుపూ పక్కనే పోటీకి నిలిచినా, నా తీర్పు ఆ మొదటి నీలానికే.

రసాయనశాస్త్రం చెప్పే మిత్రులకు ఒక మనవి. ఈ సమ్మేళనం మీ చేతికి అందే వీలుంటే, బోర్డు మీద ఫార్ములా రాయకముందే గదిలో దీపాలార్పి పిల్లలకు చూపించండి. అతినీలలోహితం కళ్లకు మంచిది కాదు, ముందుగా అందరికీ రక్షణ కళ్లద్దాలు పెట్టించండి.