మంగళవారం కూడా బాగుంటేనే

ఆక్స్‌ఫర్డ్ వెళ్తున్న మిత్రుడొకడు ఈ వారం నాకో జాబితా పంపాడు: తప్పక చూడాల్సిన పది పబ్బులు. చదవగానే ఒళ్లు మండింది. జాబితాలంటే నాకు పడదు. ఏ గోడ ఎంత పాతదో అందులో ఉంది. బీరు గురించి ఒక్క ముక్క లేదు.

పాత గోడలకు ఆ ఊళ్లో కొదవా? టర్ఫ్ టావెర్న్ పబ్బుకు వెళ్లే సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకరు పక్కకు ఒదగాల్సిందే. బేర్ ఇన్‌లో అద్దాల వెనక వేలాది టై ముక్కలు. చూడాల్సినవే. కానీ బీరు మంచిచెడ్డలు తేలేది పబ్ కింద పీపాలుంచే సెల్లార్‌లో. రియల్ ఏల్ అనే సంప్రదాయ బీరు పీపాలోకి చేరాక కూడా పులుస్తూనే ఉంటుంది. 12 డిగ్రీల చల్లదనంలో కదపకుండా ఉంచి, మడ్డి అడుక్కి దిగాక చేతి పంపుతో లాగి పోస్తారు. పీపా తెరిస్తే గాలి చొరబడుతుంది. మూడు రోజులు దాటితే రుచి పోతుంది. పొద్దున చెట్టు దిగిన కల్లు సాయంత్రానికి ఏమవుతుందో ఎరిగినవాళ్లకు వేరే చెప్పాలా? మామూలు పీపాలో 72 పైంట్లుంటాయి. అన్నీ ఆలోపే చెల్లాలి. అందుకే ఎనిమిది పంపులు, నలుగురు మనుషులు కనిపిస్తే గుమ్మంలోంచే వెనుదిరుగుతాను.

ఈ పాఠం నాకు ఊరి బయట అబ్బింది. జెరికో పేట దాటితే పోర్ట్ మెడో, ఆవులూ గుర్రాలూ మేసే పెద్ద బయలు. థేమ్స్ అవతల బిన్సీలో గడ్డికప్పు పబ్ పెర్చ్. గట్టు వెంట ఇంకా నడిస్తే గాడ్‌స్టో మఠం శిథిలాలు, ఆపైన నీళ్ల హోరు పక్కనే ట్రౌట్ అనే పబ్. ఆ దారులు దాటి ఒక పల్లె పబ్బులో కూర్చున్నాను. ఒక పంపు మీది పేరు బిళ్ల వెనక్కి తిప్పి ఉంది. ఎందుకని యజమానినడిగాను. “రేపటికి గానీ తేటపడదండీ. ఇవాళ పోస్తే నా పేరు చెడుతుంది” అన్నాడు. ఎదురుగా అడిగేవాడున్నా అమ్మలేదు.

ఆ తిప్పిన బిళ్ల ఏ జాబితాకు అందుతుంది? ఆలోచిస్తే, ఒకదానికి అందుతుంది. 1971లో మొదలైన కామ్రా అనే బీరు ప్రియుల సంఘం 1974 నుంచి గుడ్ బీర్ గైడ్ తెస్తోంది. ఎక్కడికక్కడ సభ్యులే ఏడాది పొడుగునా వెళ్లి, తాగి చూసి ఎంపిక చేస్తారు. పేరెక్కడానికి పబ్ పైసా కట్టక్కర్లేదు. బీరు చెడితే పేరు ఎగిరిపోతుంది. మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లు రాసిన జాబితా అది. అలాంటి మనుషులే పబ్బును బతికిస్తారు కూడా. ఆక్స్‌ఫర్డ్‌లోనే 2021లో మూతపడ్డ లాంబ్ అండ్ ఫ్లాగ్ పబ్బును మరుసటి ఏడు తెరిపించింది, డబ్బు పోగేసుకున్న అభిమానులే.

కాబట్టి అటు వెళ్లేవాళ్లు ఆ పుస్తకం కొనండి. పది వద్దు, రెండు పబ్బులు ఎంచుకోండి. ఒక్కోదానికి శనివారం ఒకసారి, మంగళవారం ఒకసారి వెళ్లండి. జనం పలచబడ్డ మంగళవారం నాడూ బీరు బాగుంటే, అక్కడ సెల్లార్ చూసే మనిషి మంచి పనివాడు. ఆ పబ్బును నమ్మొచ్చు.